పాత రంగు పక్కన కొత్త రంగు కలిసేదెలా?

కారు మీద పడిన గీతలను, చిన్న సొట్టలను ఇంటి దగ్గరే బాగు చేసుకునే పద్ధతి గురించి గత సంచికలో రాశాను. ఆ తరువాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం లప్పం గురించో, సాండ్ పేపర్ గురించో కాక, రంగు గురించే ఉన్నాయి. సొట్ట పోయింది, ఉపరితలం నున్నగా వచ్చింది, రంగు మాత్రం పక్క భాగంతో కలవలేదన్నది వాటి సారాంశం. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాది 2014 మోడల్ వ్యాగన్ఆర్, సిల్కీ సిల్వర్ రంగు. ఆటో రాసుకుపోవడంతో ఎడమవైపు ముందు చక్రం పైనుండే ఫెండర్ దెబ్బతింది. లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, కారు మీద ఉన్న రంగు కోడ్ ప్రకారమే రాణీగంజ్‌లో రంగు కలిపించుకుని, మిత్రుడి దగ్గర అడిగి తెచ్చుకున్న 1.8 నాజిల్ గన్‌తో డిసెంబరులో నేనే కొట్టాను. రంగు బాగా పట్టాలని రెండు దట్టమైన కోట్లు వేసి, పైన మెరుపునిచ్చే రంగులేని పొర, క్లియర్, కొట్టాను. ఎదురుగా నిలబడి చూస్తే ఫెండర్ తలుపు కన్నా ముదురుగా ఉంది. ముందు బంపర్ దగ్గర నిలబడి ఏటవాలుగా చూస్తే అదే ఫెండర్ తలుపు కన్నా లేతగా ఉంది. కోడ్ సరైనదేనని దుకాణదారు అంటున్నారు. లోపం రంగులో ఉందా, నా పనిలో ఉందా?
— ఉప్పల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: దుకాణదారు మాట నిజమే అయి ఉండవచ్చు. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే, రంగు కలపడంలో కన్నా అది కారు మీద పడిన తీరులోనే తేడా వచ్చిందని నాకు గట్టిగా అనిపిస్తోంది. వెండి, బూడిద వంటి మెటాలిక్ రంగుల్లో మనకు కనిపించే మెరుపు అందులో కలిసి ఉన్న సన్నటి అల్యూమినియం పొలుసుల వల్ల వచ్చేది. గన్ నుంచి రంగు పడ్డాక, అందులోని థిన్నర్ ఆరిపోయేలోగా ఆ పొలుసులు ఏ స్థితిలో స్థిరపడితే రంగు ఆ విధంగానే కనిపిస్తుంది. పలుచటి కోటు పడి త్వరగా ఆరితే పొలుసులు నేల మీద పరిచిన చిన్న అద్దాల మాదిరిగా వెల్లకిలా అమరుతాయి. అప్పుడు ఎదురుగా చూసేవారికి వెలుగు నేరుగా తిరిగి వస్తుంది కనుక రంగు తెల్లగా మెరుస్తుంది, ఏటవాలుగా చూస్తే నల్లబడుతుంది. కోటు దట్టంగా, తడితడిగా పడితే పొలుసులు ఆ తడిలో మునిగి, కొన్ని నిలువుగా, కొన్ని వాలుగా తిరిగిపోతాయి. అప్పుడు ఎదురు నుంచి ముదురుగానూ, ఏటవాలు చూపుకు లేతగానూ కనిపిస్తుంది. మీరు వర్ణించినది అచ్చంగా ఈ రెండో స్థితి.

దానికి కారణాలు కూడా మీ ఉత్తరంలోనే ఉన్నాయి. 1.8 నాజిల్ ప్రైమర్‌కు వాడేది. మెటాలిక్ బేస్ కోటుకు, అంటే క్లియర్ కింద ఉండే రంగు పొరకు, 1.3 లేదా 1.4 సరిపోతుంది. పెద్ద నాజిల్‌తో దట్టమైన కోట్లు వేశారు. పైగా అది డిసెంబరు. ఎండాకాలానికి ఉద్దేశించిన, నెమ్మదిగా ఆరే థిన్నర్ గనక దుకాణంలో ఇచ్చి ఉంటే ఆ తడి మరింత సేపు నిలిచి ఉంటుంది. కనుక మిగిలిన రంగును పారబోయకుండా దాచండి. చాలా వరకు అదే రంగుతో, వేరే విధంగా కొడితే, తేడా తగ్గిపోయే అవకాశం ఉంది.

అంతమాత్రాన కోడ్ సరిపోయింది కాబట్టి రంగు గురించి ఆలోచించనక్కర్లేదని అనుకోవద్దు. మీ కారు సిల్కీ సిల్వర్‌కు సుజుకీ వారి కోడ్ జెడ్2ఎస్. ఆ కోడ్ ఒక రంగుకు పెట్టిన గుర్తు మాత్రమే. అదే రంగును వేర్వేరు కర్మాగారాల్లో, వేర్వేరు సంవత్సరాల్లో, వేర్వేరు పెయింట్ కంపెనీల సరుకుతో కొట్టినప్పుడు వాటి మధ్య కొద్దిపాటి తేడా తప్పదు. అందుకే పెయింట్ కంపెనీలు ఒకే కోడ్ కింద అసలు ఫార్ములాతో పాటు కొంచెం నీలం వైపు ఉండేది, కొంచెం పసుపు వైపు ఉండేది, పొలుసులు మరికాస్త ముతకగా ఉండేది, ఇలా అనేక రకాలను సిద్ధం చేసి ఉంచుతాయి. వాటిని వేరియంట్లు అంటారు. రంగు కలిపే దుకాణంలో కోడ్ చెప్పి ఊరుకుంటే అసలు ఫార్ములాను కలిపి ఇచ్చేస్తారు. "ఈ కోడ్‌లో వేరియంట్ల చిప్పులు (రంగు నమూనా ముక్కలు) చూపించండి" అని అడగండి. మల్టీ యాంగిల్ స్పెక్ట్రోఫోటోమీటర్ ఉన్న చోటయితే ఇంకా మంచిది. అది ఒకే భాగాన్ని అనేక కోణాల్లో కొలిచి, తన దగ్గరున్న ఫార్ములాల్లో అన్నిటికన్నా దగ్గరి దాన్ని చూపుతుంది. ఆ యంత్రం చూపించేది కూడా దగ్గరి రంగునే తప్ప అదే రంగును కాదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

కారును దుకాణం ముందు నిలిపే వీలు లేకపోతే పెట్రోలు ట్యాంకు మీది మూతను విప్పి తీసుకెళ్లండి. అది కూడా కారు ఒంటి రంగుతోనే వచ్చిన భాగం, చేతిలో ఇమిడిపోతుంది. అయితే ముందుగా దానికి, మీ కారు తలుపుకు కూడా సన్న రకం రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి తుడవాలి. పదేళ్లు దాటిన కారు మీద ఎండకు చచ్చిన పై పొర, నగరం దుమ్ము, నీటి మరకల తెల్లదనం కలిసి ఒక ముసుగులా ఉంటాయి. కాంపౌండ్ గుడ్డ మసిబారి, కింద నుంచి అసలు రంగు బయటపడ్డ తరువాత చూస్తే తలుపు రంగే మారినట్టుంటుంది. ఆ ముసుగుకు సరిపోయేలా రంగు కలిపించుకుని, తరువాత ఎప్పుడో కారుకు పాలిష్ పెట్టిస్తే ఫెండర్ ఒక్కటే వేరుగా మిగిలిపోతుంది.

ఇక ఈ పని మొత్తంలో అందరూ వదిలేసే మెట్టు, నా దృష్టిలో అన్నిటికన్నా అవసరమైన మెట్టు, నమూనా రేకు. అరచేతి కన్నా కొంచెం పెద్దదైన పలుచటి రేకు ముక్క తీసుకోండి. ఫెండర్ మీద కొట్టిన ప్రైమరే దానికీ కొట్టండి. దాని మీద ఒక మూల నలుపు తెలుపు చారలు గీసి ఉంచండి. ఏ గన్‌తో, ఏ దూరం నుంచి, ఎంత గాలి ఒత్తిడితో కారు మీద కొట్టబోతున్నారో సరిగ్గా అలాగే, రేకును బల్ల మీద పడుకోబెట్టకుండా గోడకు నిలబెట్టి రంగు కొట్టండి. చారలు పూర్తిగా కనిపించకుండా పోవడానికి ఎన్ని కోట్లు పట్టిందో రాసుకోండి. ఆ రేకుకు క్లియర్ కూడా కొట్టి తీరాలి. క్లియర్ పడకముందు బేస్ కోటు పొడిబారి, లేతగా, మసకగా ఉంటుంది. క్లియర్ పడ్డాకే లోతు వచ్చి ముదురుతుంది. డబ్బాలోని తడి రంగును వేలితో అద్ది తలుపు మీద పెట్టి చూసేవారు కొందరున్నారు. ఆ చూపుకు ఏ విలువా లేదు.

పూర్తిగా ఆరిన రేకును తలుపు అంచున, మధ్యలో సందు లేకుండా ఆనించి పట్టుకోండి. రెండు రంగుల మధ్య ఏమాత్రం ఖాళీ ఉన్నా కన్ను చాలా తేడాను క్షమిస్తుంది, ఆనించి పెడితే కొంచెం తేడానూ పట్టేస్తుంది. ముందు ఉదయపు నీడలో ఎదురుగా నిలబడి చూడండి. తరువాత మీరు కదలకుండా రేకునే కొద్దికొద్దిగా వంచుతూ పోవద్దు. తలుపూ రేకూ ఒకే తలంలో ఉండగా మీరే ముందు చక్రం దాకా, అక్కడి నుంచి వెనక చక్రం దాకా నడుస్తూ చూడండి. ఎదురుగా కలిసి, ఏటవాలుగా విడిపోతే సమస్య పొలుసుల అమరికలో ఉన్నట్టు. అన్ని వైపుల నుంచీ ఒకే రకంగా నీలంగానో, పసుపుగానో ఉంటే సమస్య ఫార్ములాలో ఉన్నట్టు. ఆ తరువాత ఎండలోకి తెచ్చి మరోసారి చూడండి. ట్యూబ్‌లైటు కింద మాత్రం నిర్ణయం తీసుకోవద్దు. వేర్వేరు రంగుపొడులతో తయారైన రెండు రంగులు ఒక వెలుగులో ఒకటిగానూ, మరో వెలుగులో రెండుగానూ కనిపించడం మామూలే.

మీ విషయంలో రెండు మూడు రేకులు కొట్టమంటాను. ఒకటి మామూలుగా, ఒకటి పలుచగా పొడిగా, ఇంకొకటి మామూలు కోట్ల మీద ఆఖరున గన్‌ను మరికాస్త దూరం జరిపి తేలికగా చల్లిన కోటుతో. ఈ చివరి కోటు పొలుసులను సమంగా పరిచి, మచ్చలు మచ్చలుగా ఉన్న మెరుపును సరిచేస్తుంది. ఏ రేకు తలుపుతో కలిస్తే ఆ పద్ధతిలోనే ఫెండర్ కొట్టండి. కొట్టడానికి ముందు రంగును డబ్బా అడుగు నుంచి కలపండి. పొలుసులు బరువైనవి కనుక అడుగున పేరుకుంటాయి, పైపైన కలిపి వంచుకుంటే మీకొచ్చేది వేరే రంగు. ఏ రేకూ కలవక, ఫార్ములానే కొంచెం మార్చాల్సి వస్తే, ఫార్ములా చీటీలో ఉన్న రంగుల్లోంచే ఒకదాన్ని చుక్కల్లో కలపాలి. చీటీలో లేని రంగును తెచ్చి కలిపితే నీడలో కుదిరినట్టే కుదిరి ఎండలో విడిపోతుంది.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. ఇంత చేసినా వెండి రంగును ఫెండర్ అంచు దగ్గర ఆపేసి, పక్కనున్న పదేళ్ల నాటి తలుపుతో పూర్తిగా కలపగలమని ఆశపడకూడదు. అనుభవమున్న పెయింటర్లు కూడా అలా ఆపరు. వారు రంగును తలుపు మీదికి పలుచగా జారనిస్తారు. దీన్నే బ్లెండింగ్ అంటారు. కన్ను అంచు దగ్గరి హఠాత్తు మార్పును వెంటనే పట్టుకుంటుంది కాని, జానెడు, మూరెడు మేర మెల్లగా జరిగే మార్పును పట్టుకోలేదు. ఈ పనికి ఫెండర్‌ను 800 నంబరు వాటర్ పేపర్‌తో నీళ్లు పెట్టి రుద్దండి. ఇనుము దాకా పోనక్కర్లేదు, మెరుపు పోతే చాలు. తలుపు మొత్తాన్ని 1000 నంబరుతో లేదా బూడిద రంగు స్కఫ్ ప్యాడ్‌తో మెరుపు పోయేదాకా రుద్దండి. పిడినీ, అద్దం రబ్బరు పట్టీనీ వీలైతే విప్పేయండి, లేకపోతే జాగ్రత్తగా టేపు వేయండి. మైనం, జిడ్డు పోయే ద్రవంతో తుడవండి. ఫెండర్‌కు మామూలుగా బేస్ కోట్లు వేస్తూ, మొదటి కోటును తలుపు అంచు దాటి కొద్దిగా, రెండోదాన్ని ఇంకొంచెం, మూడోదాన్ని మరికొంచెం ముందుకు పోనివ్వండి. తలుపు మీద చేతిని విసురుగా బయటికి తిప్పుతూ ట్రిగ్గర్ వదలాలి. తలుపులో సగం దాటకూడదు. ఒక్కో కోటుకు మధ్య ఉపరితలం తడి మెరుపు పోయి మసకబారేదాకా ఆగాలి. ఆ తరువాత ఫెండర్‌కూ, తలుపు మొత్తానికీ, వెనక తలుపు సందు దాకా క్లియర్ కొట్టాలి. రంగును తలుపు మధ్యలో ముగించవచ్చు కాని క్లియర్‌ను మధ్యలో ముగించకూడదు. అలా ముగించిన చోట అంచు కొంతకాలానికి పొరలా లేస్తుంది.

బానెట్ సంగతి అడుగుతారేమో. అది ఆకాశం వైపు చూసే తలం, ఫెండర్ రోడ్డు వైపు చూసే తలం. రెండింటి మీదా పడే వెలుగే వేరు కనుక అక్కడి చిన్న తేడా కంటికి అంతగా అందదు. తలుపు కలిస్తే బానెట్ జోలికి వెళ్లకండి.

ప్రశ్న: ఫోన్‌తో కారు ఫోటో తీసి, యాప్‌లో రంగు పోల్చుకుని, ఆ ప్రకారం స్ప్రే డబ్బా తెప్పించుకోవచ్చా?
— దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక విద్యార్థి

జవాబు: వద్దు. ఫోన్ కెమెరా చుట్టూ ఉన్న వెలుగును బట్టి తెలుపును తనకు తోచినట్టు సరిచేసుకుంటుంది. అదే కారును నీడలో ఒకసారి, ఎండలో ఒకసారి ఫోటో తీసి పక్కపక్కన పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది. డ్రైవర్ తలుపు తెరిస్తే కనిపించే స్తంభం మీదో, బానెట్ కింద ఇంజిన్ వెనక గోడ మీదో ఉండే పలకలో కోడ్ ఉంటుంది. టొయోటా వంటి కొన్ని కార్లలో అదే పలక మీద లోపలి సీట్ల రంగు కోడ్ కూడా పక్కనే ఉంటుంది. రెండింటిలో ముందు రాసినది ఒంటి రంగు.

ప్రశ్న: మా తెల్ల ఇన్నోవా డిక్కీ తలుపు మీద గోడ గీసుకుంది. తెలుపే కదా, కలపడం తేలికని మావారు బజారులో దొరికే తెల్ల స్ప్రే డబ్బా తెచ్చి కొట్టారు. ఇప్పుడు ఆ భాగం సున్నం వేసినట్టుంది. తెలుపులో కూడా ఇన్ని తేడాలుంటాయా?
— కూకట్‌పల్లి నుంచి ఒక గృహిణి

జవాబు: ఉంటాయమ్మా. కలపడం కష్టమైన రంగుల్లో తెలుపు ఒకటి. కారు తెలుపులో తెల్ల పొడికి తోడు కొద్దిగా నలుపు, పసుపు, కొన్నింటిలో ఎరుపో నీలమో కూడా పడతాయి. వాటి పాళ్లు చాలా తక్కువ కనుక ఒక చుక్క ఎక్కువైనా మొత్తం తిరగబడుతుంది. డబ్బాలోని ఉత్త తెలుపు అందుకే సున్నంలా కనిపించింది. పైగా ఏళ్ల తరబడి ఎండలో నిలిచిన తెల్ల కారు పసుపు వైపు తిరిగి ఉంటుంది.

ముందు మీ కారు ఏ తెలుపో తేల్చుకోండి. టొయోటాలో 040 అంటే సూపర్ వైట్, మామూలు తెలుపు. 070 అయితే ముత్యపు తెలుపు. ఎండలో దగ్గరగా చూసినప్పుడు లోపల సన్నటి తళుకు కనిపిస్తే మీది 070 అని అనుకోవచ్చు, పలక మీద చూసి నిర్ధారించుకోండి. 040 అయితే కోడ్ ప్రకారం కలిపించుకుని, నమూనా రేకు కొట్టి, మీవారే చేసుకోవచ్చు. ఇప్పుడు కొట్టిన డబ్బా రంగును మాత్రం థిన్నర్ గుడ్డతో పూర్తిగా తుడిచేయించండి. దాని మీద కొత్త రంగు కొడితే ముడతలు పడే ప్రమాదం ఉంది. తుడిచేటప్పుడు ముందు ఒక మూల చూసుకోవాలి. కింది అసలు రంగు మెత్తబడుతుంటే థిన్నర్ ఆపి వాటర్ పేపర్‌తోనే తీయాలి.

070 అయితే నా సలహా వేరు. ముత్యపు తెలుపు మూడు పొరల రంగు. అడుగున తెల్లటి బేస్, దాని మీద దాదాపు పారదర్శకంగా ఉండే ముత్యపు పొర, పైన క్లియర్. మధ్య పొర ఎన్ని కోట్లు పడితే అంతగా రంగు మారుతూ పోతుంది. దీన్ని కలిపేవారు ఒక పొడవాటి రేకుకు తెల్ల బేస్ కొట్టి, దాన్ని నాలుగు భాగాలుగా టేపు వేసి, ఒక్కో భాగం విప్పుతూ ముత్యపు పొర కొట్టి, ఒకటి నుంచి నాలుగు కోట్ల దాకా తేడా చూసుకుని, అప్పుడు కారు దగ్గరికి వెళతారు. కొత్తగా నేర్చుకునేవారు డిక్కీ తలుపుతో ఈ పని మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు. రుద్దడం, లప్పం, ప్రైమర్ వరకు ఇంట్లో చేసుకుని, రంగు మాత్రం పెయింట్ బూత్ (రంగు కొట్టేందుకు కట్టిన మూసిన గది) ఉన్న పెయింటర్‌తో కొట్టించండి. ఆయనను కూడా రేకు చూపించమని అడగండి. అడిగితే నొచ్చుకునేవారి కన్నా, అడగకముందే రేకు తెచ్చి చూపించేవారి దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: కొత్తగా కొన్న కారులోనే బంపర్ రంగు, ఫెండర్ రంగు కలవడం లేదు. షోరూంవారు ప్రమాదానికి గురైన కారును అంటగట్టారని అనుమానం.
— మెహిదీపట్నం నుంచి ఒక పాఠకుడు

జవాబు: తేడా స్వల్పమైతే అనుమానపడనక్కర్లేదు. కారు ఒంటికి రంగు కొట్టి 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ప్లాస్టిక్ బంపర్ అంత వేడికి నిలవదు కనుక దాన్ని వేరుగా, తక్కువ వేడిలో ఆరే వేరే రకం రంగుతో, చాలాసార్లు వేరే కర్మాగారంలోనే కొడతారు. మెటాలిక్ రంగుల్లో ఆ తేడా ఇంకాస్త తెలుస్తుంది. బంపర్‌ను విడిచిపెట్టి ఇనుప భాగాల మీద పెయింట్ మందం కొలిపించండి. కంపెనీ పెయింట్ సాధారణంగా 100 మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది. అన్ని భాగాలూ దాదాపు ఒకేలా ఉండి, ఒక్క ఫెండర్ మాత్రం 200 దాటితే అప్పుడు షోరూంవారిని అడగాలి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దుమ్ము రాదు, ఎండ పడదు. ఈ వర్షాకాలంలోనే అక్కడ కారు తలుపుకు రంగు కొట్టుకోవాలనుకుంటున్నాను. కంప్రెసర్ అద్దెకు దొరుకుతుంది. ముక్కుకు మాస్కు కట్టుకుంటే సరిపోతుందా?
— ఎల్బీ నగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: సెల్లార్‌లో వద్దు. థిన్నర్ ఆవిరి గాలి కన్నా బరువైనది. సెల్లార్‌లో అది నేల వెంబడి పాకి నిలిచిపోతుంది. ఒక స్విచ్ నిప్పురవ్వ చాలు ప్రమాదం జరగడానికి. పక్కనున్న బండ్ల మీద పడే రంగు పొడి సంగతి సరేసరి.

మాస్కు గురించి మరింత గట్టిగా చెప్పాలి. హార్డెనర్ కలిపి వాడే టూకే పీయూ క్లియర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. పెయింటర్లకు వృత్తి వల్ల వచ్చే ఆస్తమాకు ముఖ్య కారణాల్లో ఇవి ఒకటి. ఒకసారి ఇవి ఒంటికి సరిపడని స్థితి ఏర్పడితే ఆ తరువాత అతి కొద్ది మోతాదు కూడా ఊపిరి ఆడకుండా చేస్తుంది. వీటికి మనల్ని ముందుగా హెచ్చరించేంత వాసన కూడా ఉండదు. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు వీటిని ఏమాత్రం ఆపవు. కార్ట్రిడ్జ్ మాస్కు కొంత ఆపుతుంది కాని, అది నిండిపోయిన సంగతి మనకు తెలియదు. బయటి నుంచి గొట్టం ద్వారా మంచి గాలి అందించే మాస్కు ఒక్కటే నమ్మదగినది. అది లేనివారు టూకే క్లియర్‌ను తామే కొట్టవద్దని నా గట్టి విన్నపం. హార్డెనర్ అక్కర్లేని వన్‌కే క్లియర్‌తో సరిపెట్టుకోవచ్చు, మెరుపు, పెట్రోలు మరకను తట్టుకునే గుణం తగ్గుతాయని తెలిసి. దాన్ని కూడా ఆరుబయటే కొట్టాలి, కార్ట్రిడ్జ్ మాస్కు, చేతి తొడుగులు, కళ్లద్దాలు ఉండాలి. లేదంటే తలుపును పూర్తిగా సిద్ధం చేసి, నమూనా రేకుతో సహా పెయింటర్‌కు అప్పగించి, బేస్, క్లియర్ రెండూ ఒకే పూట కొట్టించుకోవాలి.

కాలం సంగతి. రంగు కలవడానికీ వాతావరణానికీ సంబంధం ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలిలో తేమ ఎక్కువ. థిన్నర్ ఆరేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరి రంగు తెల్లగా మసకబారుతుంది. కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు గన్‌లోంచి చుక్కలుగా వచ్చి పొక్కులు లేపుతాయి. ట్యాంకు అడుగునున్న కాక్ తిప్పి ఆ నీళ్లు వదిలేయడం ఏ కాలంలోనైనా మొదటి పని. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీల ఎండకు రంగు గాలిలోనే సగం ఆరి, పొడిగా పడి, మెటాలిక్ రంగు అనుకున్న దాని కన్నా తెల్లబడుతుంది. అందుకే ఒకే డబ్బా రంగు మే నెలలో ఒక రకంగా, డిసెంబరులో మరో రకంగా కనిపిస్తుంది. మన హైదరాబాద్ నగరంలో ఈ పనికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలం. మంచు తడి ఆరిపోయాక ఉదయం పది గంటల ప్రాంతంలో, నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణిచి, చేత్తో తాకితే ఇనుము చల్లగానూ వేడిగానూ తగలని వేళ చూసి మొదలుపెట్టండి. మీ తలుపు అప్పటిదాకా ప్రైమర్‌తో ఉండిపోతే మాత్రం వానలో పెట్టవద్దు. ప్రైమర్ నీటిని పీల్చి కింద తుప్పు మొదలవుతుంది.

ప్రశ్న: నాన్నగారి 2006 మోడల్ మారుతి 800, ఎర్ర రంగుది, ఇంకా నడుపుతున్నాను. టాపు, బానెట్ వెలిసి గులాబీ రంగులోకి వచ్చాయి, తలుపులు కొంత నయం. కుడి తలుపుకు తుప్పు పట్టడంతో కొత్త రేకు వెల్డింగ్ చేయించాను. ఇప్పుడు దానికి వెలిసిన రంగు కలపాలా, అసలు ఎరుపు కొట్టాలా?
— మల్కాజిగిరి నుంచి ఒక పాఠకుడు

జవాబు: రెండూ ఇప్పుడే కాదు. ముందు తెల్లటి నూలు గుడ్డకు కొంచెం రబ్బింగ్ కాంపౌండ్ రాసి బానెట్ మీద ఒక మూల రుద్దండి. గుడ్డకు ఎరుపు అంటుకుంటే మీ కారుకు పైన క్లియర్ లేదని అర్థం. అలాంటి కారు వెలిసిందంటే రంగు లోతుగా చెడినట్టు కాదు, పైన ఉన్న సన్నటి పొర మాత్రమే ఎండకు పొడిబారిందన్నమాట. ఆ పొరను కాంపౌండ్‌తో ఓపికగా తీసేస్తే కింద నుంచి నిండు ఎరుపు బయటికి వస్తుంది. అంచుల మీద, ఉబ్బెత్తు గీతల మీద రంగు పలుచగా ఉంటుంది కనుక అక్కడ గట్టిగా రుద్దకుండా టేపు వేసి ఉంచండి. గుడ్డకు ఎరుపు అంటకపోతే, తెల్లటి పొరలు లేస్తుంటే, అది క్లియర్ చెడిపోవడం. దానికి కాంపౌండ్ పనికిరాదు, ఆ భాగాలకు మళ్లీ రంగు కొట్టవలసిందే.

కారు మొత్తం పాలిష్ అయ్యాక మిగిలిన ఎరుపు ఎలా ఉందో, దానికి తలుపు రంగు కలపాలి. గులాబీ రంగుకు కలిపితే వచ్చే ఏడాది పాలిష్ పెట్టించగానే తలుపు ఒక్కటే వేరైపోతుంది. ఎరుపులో ఇంకో చిక్కు ఉంది. ఎర్ర రంగుపొడులకు కింది పొరను కప్పే శక్తి తక్కువ. తెల్లటి ప్రైమర్ మీద ఒక ఎరుపు, ముదురు బూడిద ప్రైమర్ మీద ఇంకో ఎరుపు కనిపిస్తాయి. మీ తలుపులో సగం కొత్త ఇనుప రేకు, సగం పాత రంగు, మధ్యలో లప్పం ఉంటాయి కదా. మొత్తం మీద ఒకే రంగు ప్రైమర్ కొట్టకుండా ఎరుపు కొడితే వెల్డింగ్ గీత ఎండలో నీడలా కనిపిస్తూనే ఉంటుంది. దుకాణంలో ఆ ఎరుపుకు ఏ రంగు ప్రైమర్ కింద ఉండాలో అడిగి, నమూనా రేకు మీద దాన్నే వాడండి. రేకు మీద ఎన్ని కోట్లకు కింది చారలు మాయమయ్యాయో, తలుపుకు కూడా అన్నే కోట్లు వేయండి. మూడు కోట్లకు కుదిరిన ఎరుపు ఐదు కోట్లకు ముదిరిపోతుంది.

పని పూర్తయ్యాక కనీసం నెల రోజుల పాటు కొత్త తలుపు మీద మైనం పాలిష్ రాయవద్దు. అప్పటిదాకా లోపలి థిన్నర్ బయటికి పోతూనే ఉంటుంది, రంగు కూడా కొద్దిగా మారుతుంది. ఎరుపు కలిసిందా లేదా అన్నది ఆ నెల గడిచాక, పాలిష్ పెట్టిన పక్క తలుపునూ కొత్త తలుపునూ కలిపి ఉదయపు నీడలో చూసి నిర్ణయించుకోండి. ఏ కొంచెం తేడా మిగిలినా, రంగు మళ్లీ కొట్టే ముందు తలుపు సందులోని నల్ల రబ్బరు బీడింగ్ కొత్తది వేయించి చూడండి. ఆ నల్లటి గీత మధ్యలోకి వస్తే రెండు ఎరుపుల మధ్య చిన్న తేడా కనిపించదు.